రాని బొమ్మ

భర్తల నుంచి తప్పించుకొచ్చిన ఆడవాళ్లను రహస్యంగా దాచే సంస్థ అది. ఒకే సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసే వదినా మరదళ్లలో మరదలు దానికి వెబ్‌సైట్ చేసింది. తొందరలో పరీక్షించకుండానే ఆ పొద్దున తెరిచేశారు. బయటివాళ్లు రాసే సందేశాలు వార్డెన్ తెర మీద కనిపిస్తాయి. ఆ పక్కనే ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో జాబితా. అది బయటికి పొక్కితే ఎవరి ప్రాణం మీదికి వస్తుందో చెప్పనక్కర్లేదు.

పరీక్షించడానికి వదిన, మరదల్ని వెంటబెట్టుకుని వార్డెన్ గదికి వచ్చింది. వదినగారి చేతిలో పడ్డ పేజీ బతికి బట్టకట్టడం కష్టమని ఆఫీసులో పేరు.

"సందేశాన్ని రాసింది రాసినట్టు పేజీలోకి దించేశావా?"

"రంగులూ, లావు అక్షరాలూ కావాలన్నారు వదినా. ఎవడైనా బ్రౌజర్‌తో పని చేయించే స్క్రిప్ట్ ట్యాగ్ పెడితే కోసేస్తున్నాలే. నేనేమన్నా నిన్నకాక మొన్న వచ్చానా?"

వదిన ఫోన్లోంచి ఒక సందేశం పంపి వార్డెన్‌ని తెరవమంది. తెర మీద చిరిగిన బొమ్మ గుర్తొకటి వచ్చింది, అంతే.

"లేని బొమ్మని చూపించమన్నా. అది రాకపోతే ఏం చెయ్యాలో కూడా అందులోనే రాశా. బ్రౌజర్ పాపం, చెప్పినమాట వింది," అంటూ ఫోన్ చూపించింది. జాబితా మొత్తం అందులో ఉంది.

మరదలికి అర్థమైంది. వీధి తలుపుకి తాళం వేసి దొడ్డి తలుపు బార్లా తీసిపెట్టింది తనే. వెంటనే కూర్చుని పావుగంటలో మార్చేసింది. ఇక సందేశంలో ఏమున్నా ఉత్త అక్షరాలుగానే కనిపిస్తుంది, బ్రౌజర్ దాన్ని ఆజ్ఞగా తీసుకోదు. రంగులు పోయాయని వార్డెన్ కాస్త చిన్నబుచ్చుకుంది.

అన్ని ఇళ్లకూ ఫోన్ చేసి క్షేమం కనుక్కున్నాకే బయటి సందేశాలు చూడటం వార్డెన్ పద్ధతి. ఆ రోజు ఫోన్లు అప్పుడే అయ్యాయి. మొదటి సందేశం తెరిచి, అందులో తమ దగ్గరున్న ఒకమ్మాయి పేరు చూసి పైకి చదివింది.

"అమ్మకి సీరియస్‌గా ఉంది, ఒక్కసారి మాట్లాడు." మరదలి వైపు తిరిగింది. "కింద ఏవో గుర్తులున్నాయి, ఏమిటివి?"

మరదలు వంగి చూసింది. లేని బొమ్మ ఒకటి, అది రాకపోతే చెయ్యాల్సిన పనీ. అచ్చం వదిన రాసినట్టే. జాబితా పంపే చోటు మాత్రం వేరు.

"అయినా ఈ అమ్మాయికి అమ్మ లేదే," అంది వార్డెన్. "పోయి నాలుగేళ్లయింది."

సందేశం వచ్చింది తొమ్మిదింపావుకి. ఇప్పుడు పదకొండు దాటింది.

"వదినా, ఇవాళ నువ్వు సెలవు పెట్టుంటే?"

"పెడదామనే అనుకున్నా," అంది వదిన.