మొదటి గిన్నె

టిల్రెడ్ రాజ్యం బార్లీ కోతలప్పుడు మొదలై, పందుల్ని కోసి ఉప్పేసే రోజులకి ముగిసిపోయింది. తల్లి లేని అతన్ని పెంచిన మేనత్త లెయోఫ్రున్‌కి ఆ కాస్త కాలమూ కంటి మీద కునుకు లేదు. మెతక మనిషి ఎక్కకూడని పీఠం అది. యోధులకు పంచాల్సిన బంగారు కడియాలిచ్చి పొరుగు రాజు దగ్గర గింజలు తెప్పించాడు, ఊళ్ళ ఆకలి తీర్చాడు. కడుపు నిండినవాళ్ళ చేతుల్లో ఈటెలు లేవు. ఈటెలున్నవాళ్ళు మూతి ముడుచుకుని, అతని బాబాయి కొడుకు బోర్న్‌రిక్ వైపు చేరిపోయారు.

ఆ రోజు ఏటి రేవులో బోర్న్‌రిక్‌తో పోరు పొద్దెక్కకముందే అయిపోయింది. టిల్రెడ్ శవాన్ని మోసుకొచ్చి సభామందిరం గుమ్మం దగ్గర పడేశారు. బోర్న్‌రిక్ వెళ్ళి పీఠం మీద కూర్చున్నాడు.

“అన్నని ఎక్కడ పెడతావురా?” అని అడిగింది లెయోఫ్రున్.

“దొంగల్ని తొక్కే బురదలో. సమాధి మీద మట్టిదిబ్బ రాజులకే అత్తా. వీడు పీఠం అరువు తెచ్చుకున్నాడంతే!”

బల్లల మీదివాళ్ళు పకపకా నవ్వారు. మొన్నటిదాకా టిల్రెడ్ రొట్టె తిన్నవాళ్ళే, సిగ్గులేని మొహాలు!

“సరే నాయనా. గిన్నె తెస్తాను,” అంది.

మొదటి గిన్నె రాజుది. ఇంటి పెద్దావిడ అది ఆయన నోటికి అందించేటప్పుడు ఎవరూ కూర్చోకూడదు. బోర్న్‌రిక్‌తో సహా అక్కడున్న సగం మందికి చిన్నప్పుడు చెవులు పిండి ఆ మర్యాద నేర్పింది లెయోఫ్రునే.

రెండు చేతులా తేనెసారా గిన్నె పట్టుకుని వచ్చింది. బోర్న్‌రిక్ మీసం తుడుచుకున్నాడు. ఆవిడ అతన్ని దాటి, పొయ్యి దాటి, గుమ్మం దాకా వెళ్ళి కూలబడింది. టిల్రెడ్ తల ఒళ్ళో పెట్టుకుని, చల్లబడ్డ పెదవులకి గిన్నె ఆనించింది.

“తాగు రాజా.”

బల్లలన్నీ కిర్రుమన్నాయి. ఏం చేస్తున్నారో తెలిసేలోపే అందరూ లేచి నిలబడ్డారు. సారా టిల్రెడ్ గడ్డం మీదుగా కారిపోయింది.

“అత్తా! ఏంటీ పని?” అని అరిచాడు బోర్న్‌రిక్.

“రెండో గిన్నె నీదే, తొందరెందుకు? ముందు నీ కాళ్ళకేసి చూసుకో.”

చూసుకున్నాడు. తనూ నిలబడే ఉన్నాడు.

ముసలి యోధుడు హున్‌లాఫ్ గొంతు సవరించుకున్నాడు. “అందరం లేచాం దొరా. మనం లేచి మొక్కినవాణ్ణి బురదలో తొక్కితే, రేపు నీకు లేచినదానికి మాత్రం విలువేముంటుంది?”

బోర్న్‌రిక్ లేచి నిలబడ్డవాళ్ళందరి మొహాలూ చూశాడు. చివరికి, “దిబ్బ పొయ్యండి. డాలు కూడా పక్కన పెట్టండి,” అన్నాడు.

లెయోఫ్రున్ గిన్నె మళ్ళీ నింపి తెచ్చింది. గిన్నె పట్టిన ఆవిడ చేతుల్ని తన చేతులతో పట్టుకుని, ఎవరికీ వినపడకుండా అడిగాడు బోర్న్‌రిక్.

“నాకూ ఇలాంటి రోజొస్తే... నాకూ ఇలా గిన్నె పడతావా అత్తా?”

చంపినవాడు. ఒకే గిన్నెలో పాలు పట్టి పెంచిన ఇద్దరిలో మిగిలినవాడు.

“బతికుంటే పడతాను. తాగు,” అంది, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపుతో.