పారమ్మ అరికాళ్ళు

నేను ఒక కంచు గిన్నెను. బుడితిలో ఒక ముసలి కంచరి రాగి, తగరం కరిగించి నన్ను పోతపోశాడు. అన్నం తినడానికి చేశాడు. ఆ పని నాకు దక్కలేదు.

విశాఖపట్నంలో ఒక క్యాన్సర్ ఆసుపత్రి నన్ను కొన్నది. మూడో అంతస్తులో కొత్తగా వెల్‌నెస్ గది తెరిచారు. యోగా చాపలు, సన్నని సంగీతం, గోడ మీద జలపాతం బొమ్మ. రిబ్బను కత్తిరించిన పెద్దమనిషి నన్ను పట్టుకుని ఫొటో దిగాడు. నేను దేనికో అతను అడగలేదు.

నేను అరికాళ్ళకు. నూనె రాసి నా అడుగుతో రుద్దాలి. ఫిజియోథెరపిస్టు హేమలత రోగుల ఇంటివాళ్ళకు ఆ పని నేర్పి, ఒక గిన్నె ఇచ్చి పంపేది. "దీంతో జబ్బు పోదు. మందులు మానకండి. మంట తగ్గి కాస్త నిద్ర పట్టొచ్చు" అనేది.

పారమ్మ నాలుగో కీమోకు వచ్చింది. చెప్పు జారిపోయినా తెలియనంతగా పాదాలు మొద్దుబారాయి. మళ్ళీ అవే పాదాలు నిప్పుల్లా మండుతున్నాయి. పది రోజులుగా నిద్ర లేదు. ఆమెకు కావలసింది అదొక్కటే. మడమ నుంచి వేళ్ళదాకా ఎలా రుద్దాలో చెప్పి, హేమలత నన్ను ఆమె భర్త తవిటినాయుడి చేతిలో పెట్టింది.

పారమ్మ కాళ్ళు లాగేసుకుంది. "ఓలమ్మో, ఆయన నా కాళ్ళు ముట్టుకోడమేటి! నాకు పాపం సుట్టుకోదేటి?"

"ఉన్న జబ్బు చాలదామ్మా, పాపం కూడానా?" అని హేమలత నవ్వింది.

పక్క కుర్చీలో ముసలామె అందుకుంది. "నీకొద్దంతే నాకిచ్చీవే. మాయన సేత పట్టించుకుంతాను."

"అదే ఒద్దంతంది గదమ్మా" అన్నాడు తవిటినాయుడు. నా మీద అతని పట్టు వదులైంది. బతికిపోయానన్నట్టు.

ఇంట్లో నన్ను గూట్లో పెట్టాడు.

ఒక మధ్యాహ్నం పారమ్మ గోడ పట్టుకుని వచ్చి నన్ను తీసింది. నూనె సీసాతో పాటు మంచం మీద కాళ్ళవైపు పెట్టింది. కుచ్చెళ్ళు కాస్త పైకి లాక్కుని, గోడవైపు తిరిగి పడుకుంది. నోరు తెరిచి అడగలేదు.

తవిటినాయుడు చూశాడు. చూడలేదంటే నేను ఒప్పుకోను. అరుగు మీద అతని తమ్ముళ్ళు పేకాడుతున్నారు. తలుపు తీసి ఉంది. మూస్తే సరిపోయేది. నన్ను మళ్ళీ గూట్లో పెట్టి బయటికి వెళ్ళాడు.

ఆ తర్వాత పారమ్మ పందొమ్మిది రోజులు బతికింది. నన్ను మళ్ళీ తీయలేదు.

ఆమెను వాకిట్లో పడుకోబెట్టాక ఆడవాళ్ళు పసుపు కలపడానికి నన్ను తీసుకున్నారు. తవిటినాయుడు వాళ్ళ చేతుల్లోంచి నన్ను లాక్కున్నాడు. తమ్ముళ్ళతో సహా అందరూ చూస్తుండగా ఆమె పాదాల దగ్గర కూర్చుని రెండు అరికాళ్ళకూ పసుపు రాశాడు. మడమ నుంచి వేళ్ళదాకా, హేమలత నేర్పినట్టే. ఏదీ మరిచిపోలేదు. పారమ్మ కాళ్ళు లాక్కోలేదు.

పెద్దకర్మ అయ్యాక నన్ను ఆసుపత్రికి తిరిగి తెచ్చి హేమలతకు ఇచ్చాడు.

"పనికొచ్చిందా బాబూ?"

"బాగా పనికొచ్చిందమ్మా."

హేమలత నన్ను తిరగేసింది. రోజూ రుద్దితే నా అడుగు నల్లబడుతుంది. అది అద్దంలా ఉంది.

"వాడలేదేం?"

అతను జలపాతం బొమ్మ వైపు తిరిగాడు.

"తలుపు తీసుండిపోనాదమ్మా."

ఆమెకు అర్థం కాలేదు. నా అంచున పసుపు మరక తుడిచి, నన్ను అలమరలో పెట్టి తలుపు మూసింది.