డోరా విప్పిన మధ్యాహ్నం

మా అన్న జోధు శవాన్ని కుగ్తీ కనుమ నుంచి దించేసరికి మూడు రోజులైంది. మంచులో తప్పిన గొర్రెల్ని వెతుకుతూ అక్కడే ఉండిపోయాడు. వాకిట్లో పడుకోబెట్టాం. అతను తొడుక్కున్న పొడుగాటి ఉన్ని అంగీ, చోలా అంచులు ఇంకా గడ్డకట్టే ఉన్నాయి. నడుముకు చుట్టిన డోరా, ఆ నల్ల ఉన్ని తాడు, కర్రలా బిగుసుకుపోయింది.

"వెలుగుండగానే కానిచ్చేద్దాం," అంటూ మేనమామ నిహాలూ కత్తి తీశాడు. డోరా కోస్తేగానీ చోలా రాదు.

అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ముట్టుకోకు. చుట్టింది నేను. విప్పేదీ నేనే."

"అరవై మూరలక్కా. ఎప్పటికవుతుంది?"

"వడకడానికి రెండు చలికాలాలు పట్టింది. అప్పుడెవరూ తొందరపెట్టలేదే."

డోరా ఒంటరిగా చుట్టుకునేది కాదు. ఒకరు కొస బిగించి పట్టుకుంటే, కట్టుకునేవాడు గిరగిరా తిరుగుతూ దగ్గరికొస్తాడు. ఏటా మంద కొండెక్కే ముందు అమ్మే కొస పట్టుకునేది. అన్న కావాలనే తూలేవాడు. నా బెల్టు చూసి, "మాస్టారిది ఒక్కటే చుట్టు. చోలాలో గొర్రెపిల్లనైనా మోయడు, పాపం," అనేవాడు.

"బడిలో నలభై ఉన్నాయన్నా. అన్నీ అరుస్తాయి," అనేవాణ్ణి. అమ్మ నవ్వి కొస వదిలేసేది. మళ్ళీ మొదటికొచ్చేది.

ఇప్పుడు తిరిగేవాడు లేడు. మామా నేనూ అన్నను కొద్దిగా ఎత్తి పట్టుకున్నాం. అమ్మ వేడినీళ్ళు పోస్తూ ఒక్కో చుట్టూ వదులు చేసి, పసివాడికి గుడ్డ మార్చినట్టు, తాడును నడుము కింద నుంచి ఇవతలికి లాగింది. కొండనీడ వాకిట్లోకి వచ్చింది.

"ఇక చాలక్కా. చివరి ముడి రాదు."

అమ్మ వంగి పళ్ళతో లాగింది. వచ్చింది.

చోలా తెరుచుకుంది. అంతకాలమూ డోరా మందం చూసి అన్న ఒళ్ళు బలమైనదనుకుంది అమ్మ. లోపల పక్కటెముకలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి.

"ఇంత చిక్కిపోయాడేంరా వీడు," అంది నావైపు తిరిగి, మెల్లగా. "నాకెవరూ చెప్పలేదేం?"

వసంతంలో బడి కుళాయి దగ్గర అన్న స్నానం చేస్తుంటే నేను చూశాను. అమ్మకు చెప్పొద్దన్నాడు. చెప్పలేదు.