కిటికీ పక్క మంచం

అతుక్కుపోయిన రెండు కాగితాల మధ్యకి పల్చటి వెదురుపుల్ల దూర్చి, ఊపిరి బిగబట్టి, జాడలమ్మ మెల్లగా జరుపుతోంది. సముద్రపు గాలికి ఆ గదిలో పుస్తకాలన్నీ చెమ్మగిల్లి ముద్దయిపోతాయి. తొందరపడి లాగితే మనిషి పేరు సగం ఆ కాగితానికీ సగం ఈ కాగితానికీ పోతుంది. అందుకే తుమ్ము వచ్చినా ఆపుకుంటుంది. ముక్కుకి గుడ్డ, దారంతో కట్టుకున్న కళ్ళజోడు, అరిగి అరిగి నున్నబడిన వేళ్ళు.

అది ఒకప్పటి నౌకాదళం ఆసుపత్రి. యుద్ధం రోజుల్లో ఓడల మీంచి దెబ్బలతో, జ్వరాలతో దింపిన నావికుల్ని అక్కడికే మోసుకొచ్చేవారు. పోయినవాళ్ళని వెనక, సముద్రం వైపు పొట్టి గోడ పక్కన పూడ్చారు. ఇప్పటికీ ఎక్కడెక్కడినుంచో వాళ్ళ తాలూకువాళ్ళు వస్తారు, మావాడు ఎక్కడున్నాడని. వెతికి చెప్పడం ఆమె పని. అసలు పేరు జీతం పుస్తకంలో ఉందంతే, లోకానికి ఆమె జాడలమ్మే.

ఆమె మొగుడు ఆ ఆసుపత్రి వంటవాడు. అతను పోయాక గది ఊడవడానికి వచ్చింది. అక్కడి ముసలి గుమాస్తా మహానుభావుడు, చీపురు పక్కన పెట్టించి అక్షరాలు దిద్దించాడు. కూడబలుక్కుని ఆమె చదివిన మొదటి మాటలు నావికుల పేర్లే. ఆయన్ని తలుచుకోకుండా ఏనాడూ పుస్తకం తెరవదు. తన మొగుడు తన చేతుల్లోనే పోయాడు, ఎక్కడ పడుకున్నాడో తెలుసు. అదెంత భాగ్యమో ఈ గదికి వచ్చాకే తెలిసింది.

పొద్దున కోడలు రుసరుసలాడుతూనే డబ్బా కట్టిచ్చింది. "చచ్చినవాళ్ళకి తొందరేముంది అత్తయ్యా, కూర్చుని తిని వెళ్ళొచ్చుగా!"

"వాళ్ళకి లేదే తల్లీ, వాళ్ళకోసం వచ్చేవాళ్ళకి ఉంటుంది," అని చెప్పులు వేసుకుంది. కోడలు డబ్బాలో మరో ముద్ద ఎక్కువే కుక్కి ఉంటుంది. తిట్టేది ఆ నోరే, పెట్టేది ఆ చెయ్యే.

"అక్కా, నీకో చుట్టం," అంటూ తోటమాలి గుమ్మంలో నిలబడ్డాడు. "నన్ను బతికున్నవాళ్ళు కూడా పలకరించరు. నీకేమో రోజూ జాతరే."

అతని భుజం పట్టుకుని ఒక పెద్దావిడ లోపలికి వచ్చింది. నడుం వంగి నేల చూస్తోంది. కూర్చోబెట్టి, తన గ్లాసులో టీ సగం పోసిచ్చింది జాడలమ్మ.

"తమ్ముడమ్మా," అంది పెద్దావిడ. "అమ్మ పోతే నేనే చంక దింపకుండా పెంచాను. మీసాలైనా సరిగ్గా రాకుండానే ఓడెక్కాడు. ఇక్కడే పోయాడని తెలుసు. వెనక నేనొచ్చినప్పుడల్లా ఇక్కడి ఆఫీసువాళ్ళేమో, జబ్బు నయమై వెళ్ళిపోయాడంటారు. మా ఊళ్ళో అయితే, అక్క మొహం చూడలేక పారిపోయాడని వెక్కిరించారు. ఈ మోకాళ్ళతో మళ్ళీ రాలేను. ఇవాళ ఏదో ఒకటి తేల్చి పంపించు తల్లీ."

జాడలమ్మ పుస్తకం తీసింది. తలుపు పక్క మంచం, ఆ కుర్రాడి పేరు. ఎదురుగా 'నయమైంది, పంపించాం' అనే ఉంది. అదే మాట మళ్ళీ ఎలా చెప్పడం?

"పోయాడని నీకెవరు చెప్పారు పిన్నీ?"

"వాడి ఓడ మనిషే. యుద్ధం అయ్యాక వెతుక్కుంటూ మా ఇంటికొచ్చాడు. కిటికీలోంచి సముద్రం చూస్తూ హాయిగా పోయాడమ్మా అన్నాడు. నా మనసు నొప్పించకూడదని అబద్ధమాడాడేమో. వీడి మంచం తలుపు దగ్గరని ఆఫీసువాళ్ళు అంటారు కదా! ఆ వచ్చినాయన భలే నవ్వించేవాడులే. తను చచ్చాడని ఇంటికి టెలిగ్రాం వెళ్ళిందట. ఈయన నడుచుకుంటూ వెళ్తే వాళ్ళమ్మ ముందు చీపురు తిరగేసి, తర్వాత కావలించుకుని ఏడ్చిందట."

"ఆయన పేరు?"

పెద్దావిడ చెప్పింది. జాడలమ్మ చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది.

"ఆయన మీ ఇంటికి ఎలా వస్తాడు పిన్నీ? మా గోడ పక్కన పడుకుని ఉన్నాడు! ఆ రాయి నేనే కడుగుతాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ వార్డులో మనిషిని మంచంతోనే పిలిచేవారని ముసలి గుమాస్తా చెప్పేవాడు. పేరు రాసిన అట్ట ఇనప మంచం కాలికి కట్టి ఉండేది. మనిషి మారినా అట్ట మారదు. కిటికీ మంచానికి అందరూ ఆశపడేవారట.

"మీవాడు సముద్రం చూడాలని అడిగి ఉంటాడు," అంది జాడలమ్మ మెల్లగా. "ఆయన లేచి తన మంచం ఇచ్చాడు. తను తలుపు దగ్గర పడుకున్నాడు. మీవాణ్ణి ఆయన పేరుతో పూడ్చి, ఆయనింటికి టెలిగ్రాం ఇచ్చారు. ఆయన్ని మీవాడి పేరుతో ఇంటికి పంపారు. మీవాడు ఎక్కడికీ పారిపోలేదు పిన్నీ."

పెద్దావిడ కొంగుతో నోరు మూసుకుంది. "నా తండ్రే! ఒక్క మాటైనా చెప్పలేదు. మంచం ఇచ్చానని చెప్పుకోవాలని కూడా తోచలేదు ఆయనకి," అంది.

తోటమాలి ఒక చెక్క పీట తీసుకుని ముందు నడిచాడు. రాయి ముందు వేస్తే పెద్దావిడ కూర్చోలేదు. వంగి, తనే పీటని అటు తిప్పుకుంది, సముద్రానికేసి.

"వాడు చూసిందేదో నేనూ చూస్తాను."

చాలాసేపు చూసింది. లేచేటప్పుడు రాతి మీది పేరు వేళ్ళతో తడిమింది. "ఇది చెరపకండి. చల్లగా చూసిన మనిషి పేరు. కింద కాస్త చోటుంటే మావాడిది కూడా రాయించండి, చాలు." జాడలమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నీ రుణం..."

"నాదేముంది పిన్నీ! నాకు అక్షరాలు నేర్పినాయనది," అంది జాడలమ్మ.

మధ్యాహ్నం బస్సుకి ఆమెని ఎక్కించి వచ్చి, డబ్బా ఖాళీ చేసింది. పీట తెమ్మంటావా అని తోటమాలి అడిగితే, ఎండ తగ్గాక తెద్దువులే అంది. పుస్తకంలో తలుపు మంచం దగ్గర ఒక మాట, కిటికీ మంచం దగ్గర ఒక మాట గుండ్రంగా రాసింది. సిరా ఆరేదాకా అట్టముక్కతో విసిరింది. ఇంత మంచి రోజు ఇచ్చినందుకు ఎవరికని తెలియకుండానే ఒక దణ్ణం పెట్టుకుంది. బల్ల మీద చెయ్యి మడిచి తల ఆనించింది.

గదులు మూసేవేళ తోటమాలి వచ్చి, "అక్కా, ఇంటికెళ్ళవా?" అన్నాడు. మళ్ళీ అన్నాడు. దగ్గరికొచ్చి భుజం తాకాడు. తలగుడ్డ తీసి నిలబడిపోయాడు.

కోడలు పరుగెత్తుకొచ్చింది. ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, "మొత్తం తిన్నారు, మొత్తం తిన్నారు," అంటూ ఏడ్చింది.

ఆ హడావిడిలో పీట సంగతి ఎవరికి గుర్తుంటుంది? రాత్రంతా అది గోడ పక్కనే, మంచుకి తడుస్తూ, సముద్రానికేసి తిరిగి ఉండిపోయింది.