ప్రెండా సంతకం

పోస్టాఫీసు నాలుగింటికి మూసేస్తారు. ఫ్రాన్సులోని మానవ హక్కుల కోర్టుకు ఫిర్యాదు పంపడానికి అదే ఆఖరి రోజు. దేశంలో చివరి తీర్పు వచ్చిన నాలుగు నెలల్లోపే పంపాలి, ఆ గడువు ఆ రోజుతో సరి. అందుకే లాయరు ఎల్వానా ష్కోద్రా పట్నం నుంచి ఫారం పట్టుకుని ప్రెండా ఉండే కొండ ఊరికి వచ్చింది.

మూడేళ్ల కిందట ఒక తగాదాలో సాక్ష్యం చెప్పమని పోలీసులు ప్రెండాను స్టేషనుకు తీసుకెళ్లారు. వాళ్లు చెప్పమన్నది చెప్పలేదని కొట్టారు. ముందుపళ్లు మూడు ఊడిపోయాయి. నోటికి తలగుడ్డ అడ్డం పెట్టుకుని, పాపం, ఒక్కతే నడిచి ఇల్లు చేరింది. ఆ కొట్టిన మహానుభావులు ఇప్పటికీ అదే స్టేషనులో కాళ్లు చాపుకుని కూర్చున్నారు.

ఆ పోలీసుల మీది కేసు ఎల్వానా పట్టుకుని పది రోజులే అయింది. ఆఖరి అప్పీలు కాగితాలు ఇంటిపెద్ద పాష్కు పెట్టెలోంచి ఇవాళే బయటికి వచ్చాయి. పాష్కు అంటే ప్రెండా చనిపోయిన భర్తకు అన్న. కాగితం తిప్పుతున్న ఎల్వానా చెయ్యి ఆగిపోయింది.

"ఈ సంతకం ఎవరిది?"

"నాదే," అన్నాడు పాష్కు, గ్లాసులో రాకీ సారా పోసుకుంటూ. "ఈ ఇంట్లో ఏ కాగితానికైనా నేనే పెడతా. మా నాన్న కాలం నుంచీ అంతే. ఆడవాళ్ల పేర్లు కోర్టులో చదివించుకుంటామా ఏంటి?"

"అందుకే అప్పీలు కొట్టేశారు పెద్దాయనా. దెబ్బలు తిన్న మనిషి అడగలేదని రాశారు చూడండి. ఫ్రాన్సు వాళ్లేమో సొంత దేశంలో అన్ని కోర్టుల గడపలూ ఎక్కాకే తమ దగ్గరికి రమ్మంటారు. ఈవిడ ఆఖరి గడప ఎక్కనట్టే లెక్క."

"ఇంటి తరఫున నేను ఎక్కానుగా."

ఇరవయ్యేళ్లుగా బావగారి ముందు తలెత్తని ప్రెండాకు ఒళ్లు మండిపోయింది.

"పళ్లు ఊడింది నాకు, సంతకం మీదా బావగారూ? కొట్టేటప్పుడు వాళ్లు ఈ ఇంటికి పెద్దెవరని అడిగి కొట్టలేదే."

పాష్కు గ్లాసు కింద పెట్టాడు.

"అక్కా, నీ దగ్గర దాచను," అంది ఎల్వానా. "ఇప్పుడు పంపినా తిప్పి కొట్టేస్తారు. దాదాపు ఖాయం."

ప్రెండా ఫారం తన ముందుకు లాక్కుంది.

"ఎక్కడ పెట్టాలో చూపించు. తిప్పి కొట్టేదేదో నా పేరు రాసి కొట్టమను."