జ్వరం రాలేదు టీచర్

ఫోన్ మోగేసరికి రాణి కంపెనీ గేటు బయట టీ తాగుతోంది. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో బిస్కెట్లు ప్యాక్ చేసే పని ఆమెది. అవతల కూతురు అమృత క్లాస్ టీచర్ తారామణి.

"రాణి గారూ, మీ అమ్మాయికి నిజంగా జ్వరం వచ్చిందా?"

"వచ్చింది మేడం. మస్తు జ్వరం. మంచం దిగలే."

"మరి ఇవాళ క్లాసులో అడిగితే లేచి నిలబడి, జ్వరం రాలేదు టీచర్, మేడారం జాతరకు వెళ్లాం అంది. అందరి ముందూ!"

రాణి టీ గ్లాసు గోడ మీద పెట్టేసింది. సరిగ్గా జాతర రోజుల్లోనే ఏడో తరగతికి టెస్టులు వచ్చాయి. సెలవు అడిగితే ఇవ్వరని అడగనే లేదు. తిరిగొచ్చి ఉప్పల్‌లో బస్సు దిగేటప్పుడు తనూ, భర్త దయాకరూ బిడ్డకు పదే పదే చెప్పారు, ఎవరడిగినా జ్వరమనే చెప్పాలని. పిల్ల ఊఁ అనలేదు, ఉఁహూ అనలేదు. ఒప్పుకుందనే అనుకున్నారు.

తారామణి గొంతు తగ్గించింది. "జాతర అని తెలిస్తే ప్రిన్సిపాల్ గారు మళ్లీ టెస్టు పెట్టనివ్వరండీ. రెండు సబ్జెక్టుల్లో సున్నా పడుతుంది. ఎవరైనా డాక్టరు దగ్గర సర్టిఫికెట్ రాయించుకు రండి. ఆఫీసులో అడిగితే జ్వరమే అనమని అమ్మాయికి గట్టిగా చెప్పండి. నేనూ చెప్తాను."

పొద్దుగూకకముందే రాణి గల్లీ చివరి క్లినిక్‌కు పోయింది. కొమురెల్లి డాక్టరు ఆమె వెనక్కి తొంగి చూసి, "పేషెంట్ ఏదమ్మా?" అన్నాడు. ఇంట్ల ఉందంటే నవ్వి, వైరల్ ఫీవర్ అని రాసిచ్చాడు.

ఇంట్లో అమృత ఆ కాగితం వైపు చూడను కూడా చూడలేదు.

"రేపు గిది ఆఫీసుల ఇయ్యి."

"నేనియ్య."

"ఎందుకియ్యవే?"

"జ్వరం రాలేదు కద."

"మీ టీచరే చెప్పమంది!"

"టీచర్ చెప్పినా చెప్ప."

దయాకర్ మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు. "అంతా బడిల నేర్పిన పాడు తెలివి. వారానికో నీతి క్లాసు పెట్టి పిల్లల తలకాయలు ఖరాబు జేస్తున్రు. మనం ఎట్ల బతుకుతున్నమో ఆళ్లకేం ఎరుక?"

రాణి పిల్ల వీపు మీద ఒక్కటిచ్చింది. అమృత ఏడవలేదు. ఏడ్చి ఉంటే దగ్గరికి తీసుకుని బుజ్జగించేది, అంతటితో పోయేది. ఇప్పుడేమో ఏ పని చేసినా మనసు నిలవడం లేదు. కడిగిన గిన్నెలు మళ్లీ కడిగింది. కూర పొయ్యి మీద పెట్టి వాకిట్లోకి పోయి నిలబడితే అది అడుగంటింది. బడిలో చెప్పారని నిజం పట్టుకు కూర్చుంటే, అదే బడి అబద్ధం చెప్పమంటుంటే, ఎవరి మాట వినమని చెప్పాలి దీనికి?

తెల్లారి రెండో షిఫ్టుకు మార్చుకుని, పిల్లను షేర్ ఆటో ఎక్కించుకుని ఉప్పల్ స్కూలుకు పోయింది. సర్టిఫికెట్ బ్యాగులోనే ఉంది. స్టాఫ్ రూము బయట తారామణి ఎదురైంది. అమృత నిన్న తన మాట కూడా వినలేదని ఆమెకు ఉక్రోషంగా ఉంది.

"ఇంత మొండితనం ఎక్కడ నేర్పారండీ? ఎక్కడ ఏం మాట్లాడాలో ఇంట్లో చెప్పుకోవాలి కదా!"

"మేమెందుకు నేర్పుతం మేడం? నిజమే చెప్పాలె, నిజమే చెప్పాలె అని మీరే గద చెప్పేది!"

"మేం చెప్పేది పాఠం. నిజంగా అలా చెప్పేస్తే బతకడం కష్టమని మీరు..."

తారామణి చప్పున బెంచీ వైపు చూసింది. బెంచీ మీద కూర్చున్న అమృత ఒకసారి తల్లి మొహం, ఒకసారి టీచర్ మొహం చూస్తోంది.

టీచర్ వెళ్లి పిల్ల పక్కన కూర్చుంది. "పోనీ, నువ్వే చెప్పు. నిన్ను ఇలా చెప్పమన్నది ఎవరు?"

"ఎవరు చెప్పలే టీచర్." అమృత బ్యాగు పట్టీ నలుపుతూ అంది, "అక్కడ నన్ను కాంటాల కూసోబెట్టి, నా అంత బంగారం మేడారం తల్లికిచ్చిన్రు."

"బెల్లం మేడం," అంది రాణి గబుక్కున. "జాతరల బెల్లాన్నే బంగారమంటం."

"నేను కండ్లు మూసుకుని మొక్కిన. మొక్కొచ్చి, నేను పోనే పోలేదంటే తల్లి ఏమనుకుంటది? తన దగ్గరికొచ్చినందుకు నాకు సిగ్గైతుందనుకుంటది గద. క్లాసుల అందరు నవ్విన్రు. నవ్వనీ."

రాణి కుచ్చిళ్ల మీది చెయ్యి తీసేసింది. ఈ బడి మెట్లు ఎక్కిన ప్రతిసారీ తను చీర కుచ్చిళ్లు సర్దుకుని, నోట్లో మాటను కూడా సర్దుకునేది. పిల్ల అదంతా చూస్తూనే ఉందేమో.

ప్రిన్సిపాల్ గదిలో రాణి కూర్చోలేదు, బ్యాగులోంచి సర్టిఫికెట్ తీయనూ లేదు.

"జ్వరం గిరం ఏం రాలే సార్. జాతరకు పోయినం. తప్పంటే నాది, బిడ్డది కాదు."

"ముందే అడగాల్సిందమ్మా."

"అడిగితే ఇస్తుంటిరా?"

ఆయన రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు. రూలంటే రూలేనన్నాడు. రెండు సున్నాలూ ఖాయమయ్యాయి.

బయట కారిడార్‌లో అమృత తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, మరి మీ కంపెనీల ఏం చెప్పినవ్?"

రాణి ఆ ప్రశ్న అనుకోలేదు. "నానమ్మకు పానం బాగలేక దవాఖానాల షరీకు జేసినమని చెప్పిన."

"నానమ్మ మంచిగనే ఉంది గద."

"ఉంది."

అమృత ఇంకేం అడగకుండా క్లాసుకు పోయింది. అడిగినా బాగుండేదనిపించింది రాణికి. ఆటోలో నాచారం దాకా, జాతరకు పోయినం సారు అన్న ఒకే వాక్యం మనసులో తిప్పి తిప్పి అనుకుంది. తీరా లోపల అడుగు పెట్టగానే సూపర్‌వైజర్ ప్రశాంత్ ఎదురొచ్చి, "రాణక్కా, మీ అత్తకెట్లుంది?" అన్నాడు.

"నయమే సారు, ఇంటికి తోలుకొచ్చినం," అనేసింది. ఆ మాట ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

బెల్టు మీద ప్యాకెట్లు వచ్చిపడుతున్నాయి. సీలు ఊడినవి రెండు ఆమె కళ్ల ముందు నుంచే దాటిపోయాయి. పక్కామె మోచేత్తో పొడిచింది. బ్రేకులో రాణి టిఫిన్ డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేసింది. నిలబడితే కూర్చోవాలనిపించింది, కూర్చుంటే కాళ్లు కదిలిపోతున్నాయి. చివరికి లేచి ప్రశాంత్ క్యాబిన్‌కు పోయింది. అతను ఫోన్‌లో ఉన్నాడు, తర్వాత రమ్మని చేత్తో సైగ చేశాడు. ఆమె కదల్లేదు.

"ఏందక్కా?" అన్నాడు ఫోన్ పెట్టేసి.

"మా అత్తకేం కాలే సారు. మేం జాతరకు పోయినం. అబద్ధం చెప్పిన."

ప్రశాంత్ ఆమెను ఎగాదిగా చూశాడు. "మరి గిదిప్పుడు నాకెందుకు చెప్తున్నవ్?"

"చెప్పాలనిపిచ్చింది."

"తెల్వకుంటే అయిపోతుండె గద! ఇప్పుడు నేను పైకి చెప్పాల్నా, వద్దా? చెప్తే నీకు మెమో ఇస్తరు. చెప్పకుంటే రేపు ఎట్లనన్న బయటపడితే నన్ను పట్టుకుంటరు." తల మీది టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "పో అక్కా, లైన్ మీదికి పో. నన్ను జర ఆలోచించుకోనీ."

రాణి వచ్చి తన చోట నిలబడింది. అద్దాల క్యాబిన్‌లో ప్రశాంత్ కుర్చీలోంచి లేచి, గోడ దాకా పోయి, తిరిగి వస్తున్నాడు. ఆమె బెల్టు వైపు తిరిగి, సీలు సరిగా పడని ప్యాకెట్ ఒకటి పక్కకు తీసింది.