మొయినాబాదు అవతల

దొరసాని పట్నం పోయిన ప్రతిసారీ ఆమె సవారి బండి వెనక ఇద్దరు ఆడవాళ్లు నడవాలి. ఒకరి చంకలో మంచినీళ్ల కూజ, ఇంకొకరి నెత్తిన పరుపుచుట్ట. కూజ చాకలి ముత్తమ్మది, పరుపుచుట్ట ధనమ్మది. ధనమ్మ వాళ్లు ఊరి బయటి వాడలో ఉండే కిరస్తానపోళ్లు. ఆమె నీళ్లు ముట్టరాదు, దొరసాని పడుకునే పరుపు మాత్రం ముట్టొచ్చు. అదెట్లని ఎవరూ అడిగింది లేదు.

చేవెళ్ల పక్కన చిన్న ఊరు వాళ్లది. అది పెద్ద యుద్ధం నడుస్తున్న కాలం. పెట్రోలుకు కట్టడి వచ్చి, దొరసాని తమ్ముడి మోటరు మొయినాబాదు దాకనే వచ్చేది. అక్కడ సామాను మోటర్లోకి ఎక్కించి ఇద్దరూ వచ్చిన బాటనే వెనక్కి నడవాలి. రానుపోను ఎనిమిది కోసులు. కూలి లేదు, వెట్టి. దానికి బదులు ముత్తమ్మ అత్తగారి కాలం నుంచి చెరువు కింద ఒక మడిచెక్క చేసుకు తింటున్నారు.

పెళ్లయి వచ్చిన ఆరేళ్లలో ముత్తమ్మ మొయినాబాదుకు తొమ్మిదిసార్లు నడిచింది. మొయినాబాదు అవతల ఏమున్నదో ఒక్కసారీ చూడలేదు.

ఆ శనివారం తెల్లవారకముందే బయలుదేరారు. మొయినాబాదు చేరేసరికి ఎండ ముదిరింది. బాట పొడుగునా చంకలో చల్లని కూజ ఒరుసుకుంటున్నా అందులోంచి చుక్క తాగడానికి లేదు. మోటరు వచ్చింది. దొరసాని గ్లాసెడు తాగి, మొహం కడుక్కొని లోపల కూర్చున్నది. సోమవారం చుట్టాలొస్తున్నారు, పొద్దుగూకేలోపు ఊరు చేరి రేపటికల్లా తమ గడి వాకిలంతా అలకాలని చెప్పింది. ముత్తమ్మ నోరు తెరిచి గుక్కెడు నీళ్లు అడిగింది. ఇన్నిసార్లలో అడగడం అదే మొదలు.

దొరసాని ఆమె వైపు చూడనే లేదు. "మిగిలినయి మోటరుకు పొయ్యి, ఇంజను కాగింది" అని డ్రైవరుతో అన్నది.

డ్రైవరు ముందు మూత తీసి నీళ్లు పోశాడు. మోటరు గటగటా తాగింది. నాలుగు కోసులు తను మోసిన నీళ్లు అట్లా ఇనుములోకి పోవడం ముత్తమ్మ కడదాకా నిలబడి చూసింది. మోటరు వెళ్లిపోయింది. సవారి బండి కూడా వెనక్కి తిరిగింది. ధనమ్మ నాలుగడుగులు బండి వెంట వేసి, ముత్తమ్మ రాకపోవడం చూసి ఆగింది.

"అక్కా, నేను ఇంటికి రాను" అన్నది ముత్తమ్మ.

"మరెటు పోతవే?"

"అటు" అని మోటరు పోయిన దిక్కు చూపించింది.

ధనమ్మకు నలభై దాటాయి. మొగుడు పోయి పదేళ్లయింది. పెద్దదానిగా బుద్ధి చెప్పాల్సిన మనిషి. ముత్తమ్మ నాలుగేళ్ల బిడ్డ ఇంటి దగ్గర ఉన్నది, అత్త చూసుకుంటుంది నిజమే గానీ, మొగుడు నర్సింహులు ఏమంటాడో, గడిలో ఏమవుతుందో చెప్పింది. చెబుతూనే కొంగు ముడి విప్పి చూసుకున్నది. నాట్ల కూలి చిల్లర ఉన్నది. పట్నం మిషను దవాఖానలో తన పిన్ని పెంటమ్మ ఆయాగా చేస్తుందనీ, అక్కడ ఒక రాత్రి తల దాచుకోవచ్చనీ అన్నది. అనేశాక తన మాటకు తనే నవ్వింది. ముందు బావి దగ్గరికి పోయి కడుపునిండా నీళ్లు తాగారు.

బస్సు బొగ్గుతో నడిచేది. వెనక పెద్ద పొయ్యి, పైన పొగ. ఇద్దరూ ఎక్కి, అలవాటు కొద్దీ కింద చతికిలబడ్డారు. కండక్టరు గడ్డం నెరిసిన ముసలాయన. టికెట్లు చింపిచ్చి, "పైసలిచ్చినంక కింద ఎందుకమ్మా? లేచి సీటు మీద కూసోండ్రి" అన్నాడు. బియ్యం మూట పెట్టుకున్న సేటు ఒకాయన మూట జరిపాడు. వాళ్లెవరో, ఏ వాడ వాళ్లో ఆయన అడగలేదు. ముత్తమ్మ సీటు అంచున కూర్చున్నది. కొంతసేపయ్యాక వెనక్కి ఆనుకున్నది.

హిమాయత్‌సాగర్ దగ్గర కిటికీ నిండా నీళ్లు కనబడ్డాయి. ఎత్తు బాట మీద బస్సు ఆగిపోతే అందరూ దిగి తోశారు. ముత్తమ్మ మగవాళ్ల మధ్య దూరి మరీ తోసింది. చేతులకు మసి అంటింది. ఎవరూ చెప్పకుండా, తనకు తోచి చేసిన ఆ పని ఆమెకు బరువే అనిపించలేదు.

పట్నంలో ఆ సాయంత్రం చార్మినారు కింద నిలబడి మెడలు నొప్పి పుట్టేదాకా పైకి చూశారు. గాజుల దుకాణాల ముందు ధనమ్మ చెయ్యి గట్టిగా పట్టుకొని నడిచింది ముత్తమ్మ. తప్పిపోతానని కాదు, మీదికొచ్చే టాంగాలకు భయపడి. దవాఖాన వెనక రేకుల గదిలో పెంటమ్మ జొన్నరొట్టె, పప్పు పెట్టింది. ఆమె దగ్గర రెండే పళ్లాలు. ఒకటి తనకు తీసుకుని, రెండోది వీళ్లిద్దరి మధ్య పెట్టింది. ధనమ్మ చెయ్యి ముందుకు రాలేదు. ఊళ్లో ముత్తమ్మ వాకిట్లోకి కూడా ఆమె రాదు.

"తిను అక్కా, ఆరిపోతది" అని ముత్తమ్మ రొట్టె విరిచి మొదటి ముక్క ఆమె చేతిలో పెట్టింది.

ఆదివారం పొద్దున మిషను చర్చిలో ప్రార్థన అయ్యేదాకా ముత్తమ్మ కూడా వెనక వరుసలో కూర్చున్నది. తిరుగు దారిలో లంగర్‌హౌజ్ దగ్గర బస్సెక్కాలి. గోలకొండ పక్కనే కదా, చూసే పోదామన్నారు. కోట దర్వాజా కింద ఎవరైనా చప్పట్లు కొడితే పైన కొండ మీద వినబడుతుందట. ఇద్దరూ చప్పట్లు కొట్టారు. పైన విన్నవాళ్లున్నారో లేదో తెలియలేదు. ముత్తమ్మ ఇంకోసారి గట్టిగా కొట్టింది.

రామదాసును బంధించిన కొట్టు చూసి, మెట్ల దారి పట్టారు. మొదటి మలుపులో దొరసాని ఉన్నది.

తమ్ముడి కుటుంబంతో కోట చూడవచ్చింది. రాతి అరుగు మీద కూర్చొని ఆయాసం తీర్చుకుంటున్నది. పక్కన ఫలహారాల గంప, కూజ. ముత్తమ్మ కాళ్లు ఆగిపోయాయి. దొరసానికి ముందు నమ్మబుద్ధి కాలేదు, తర్వాత కోపం వచ్చింది.

"ముత్తీ, ఎవల్నడిగి వచ్చినవే? గడి వాకిలి ఎవరలుకుతున్నరు?" అని, జవాబు కోసం చూడకుండానే గంప వైపు చెయ్యి చూపించింది. "ఊకె నిలబడకు. అది ఎత్తుకొని పైకి నడువు."

ముత్తమ్మ చేతులు వాటంతట అవే ముందుకు పోయాయి. నడుము కూడా సగం వంగింది. గంప చెవులు వేళ్లకు తగిలాక ఆమెకు తెలివొచ్చింది. నిటారుగా లేచి నిలబడి, చేతులు కొంగుకు తుడుచుకున్నది.

"నేను మొయ్య, దొరసాని. ఇయ్యాల నేను కోట చూడనీకి వచ్చిన."

పైకి పోయేవాళ్లు, దిగేవాళ్లు ఆగి చూస్తున్నారు. దొరసాని గొంతు తగ్గించి, రేపటినుంచి చెరువు కింది మడి నీది కాదన్నది. ముత్తమ్మ ఇంటి తిండి ఆ మడిదే. అయినా నోరు ఆగలేదు.

"నాలుగు కోసులు మోసిన నీళ్లల్ల నాకు గుక్కెడు ఇయ్యకపోతిరి. మోటరుకు పోసిన్రు. మడి తీసుకుంటే తీసుకోండ్రి. నేను మాత్రం మీ బండెనక మళ్ల నడువ."

దొరసాని తమ్ముడు చేతికర్ర ఎత్తబోయాడు. ధనమ్మ ఏమీ అనకుండా ముత్తమ్మ పక్కకు వచ్చి భుజానికి భుజం ఆనించి నిలబడింది. చుట్టూ పట్నం జనం. కర్ర దించి ఆయన అక్కను పోనిమ్మన్నాడు. వాళ్లిద్దరూ ఆ అరుగు పక్కనుంచే, తప్పుకోకుండా, పైకి ఎక్కారు.

కొండ మీద అమ్మవారికి మొక్కి, బారాదరి మంటపం గోడ దగ్గర కూలబడ్డాక గానీ ముత్తమ్మకు వణుకు పుట్టలేదు. తనకు మెట్ల మీదనే కాళ్లు వణికినయని, కనబడకుండా ఉండనీకే ఆమెకు ఆనుకున్నానని ధనమ్మ చెప్పింది. దూరంగా హిమాయత్‌సాగర్ నీళ్లు మెరుస్తున్నాయి. వాటి అవతల తమ ఊరి దిక్కు ఏదో గుర్తుపట్టడానికి చాలాసేపు వెతికారు. పైనుంచి చూస్తే గడి కాదు గదా, ఊరే కంటికి ఆనలేదు.

ఆ రాత్రికే వాళ్లిద్దరూ, వెనకనే దొరసానీ ఊరు చేరారు. సోమవారం పొద్దున గడి నుంచి పిలుపొచ్చింది. నర్సింహులు రాత్రంతా తిట్టి, చివరికి దొర కాళ్ల మీద పడి దండం పెట్టుకొమ్మని బతిమాలాడు. ముత్తమ్మ వెళ్లింది, దండం పెట్టలేదు. దొర ఆమెను ఎండలో వంగబెట్టి, వీపు మీద బండ పెట్టమని జీతగాడు సాయిలుతో చెప్పాడు. సాయిలు బండ కోసం వంగాడు. అప్పటికే ధనమ్మ వాడలోని పదకొండు మంది ఆడవాళ్లను వెంటబెట్టుకొని వచ్చి గడి దర్వాజా ముందు నిలబడింది. వాకిలి అలికే చేతులు అవే. ఒక్కరూ లోపలికి రాలేదు. చుట్టాల బండ్లు ఊరి పొలిమేరకు వచ్చినయని కబురొచ్చింది. దొర ఆ ఆడవాళ్లను చూశాడు, అలకని వాకిలిని చూశాడు. బండ అక్కడే వదిలేయమన్నాడు.

మడి మాత్రం పోయింది. ఊళ్లో ఎవరూ వాళ్లకు బట్టలు వెయ్యొద్దని చాటింపు వేయించారు. నెల తిరగకుండానే ముత్తమ్మ వాళ్లు సామాను నెత్తిన పెట్టుకొని మొయినాబాదు అవతలి హిమాయత్‌నగర్ అనే ఊరు చేరారు. గుడిసె వేసుకొని ఇద్దరూ పూల తోటల్లో కూలికి పోయేవాళ్లు. ఆ ఏడు గంజి తాగి పడుకున్న పూటలే ఎక్కువ. బిడ్డకు చలిజ్వరం వచ్చినప్పుడు, నీ తిరుగుళ్ల వల్లనే అని నర్సింహులు అన్నాడు. రెండు నెలలు సరిగా మాట్లాడలేదు. ముత్తమ్మ అన్నీ పడింది గానీ, తప్పు చేశానని మాత్రం ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు. తోట యజమాని మొదటి శనివారం కూలి చేతిలో పెట్టిన రోజు నర్సింహులు ఆ పైసలను చాలాసేపు పట్టుకొని కూర్చోవడం ఆమె చూసింది. వాళ్ల ఇంట్లో పనికి పైసలు రావడం అదే మొదలు.

మరుసటేడు చలికాలంలో ధనమ్మ వచ్చింది. గుడిసెలోకి నేరుగా వచ్చి పొయ్యి పక్కన కూర్చున్నది. వాడలో ఇంకో నలుగురు వెట్టి మానుకున్నారని, దొర రోజూ తనను తిడుతూనే ఉన్నాడని చెప్పింది. తర్వాత, బీదరులో కూడా పెద్ద కోట ఉన్నదట, చర్చిలో పాస్టరమ్మ చెప్పింది, శనివారం పోతే ఆదివారం రావొచ్చట, అన్నది.

ముత్తమ్మ మొగుడి దిక్కు చూడకుండానే, ఏ బస్సు పోతుందని అడిగింది.

నర్సింహులు చుట్ట ఆర్పి, గొంతు సవరించుకున్నాడు. "బిడ్డను నేను ఎత్తుకుంట. నేను గూడ వస్త" అన్నాడు.